సొరంగంలో ఆగిన రైలు

తొంభైల్లో ఒక ఎండాకాలమంతా నేను మంచం మీదే ఉన్నాను. కలిగిరి నుంచి ఉదయగిరికి వస్తూ దుత్తలూరు దగ్గర బస్సు టాపు మీద నుంచి జారిపడితే తొడ ఎముక విరిగింది. నెల్లూరులో నడుము నుంచి పాదం దాకా పిండికట్టు వేసి పంపారు. ఆత్మకూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే పని అంతకు కొద్ది రోజుల ముందే దొరికింది. నా చోట వేరొకరిని పెట్టుకున్నామని కబురొచ్చింది.

ముందు గదిలో మంచం వేశారు. కిటికీకి ఎదురుగా పక్కింటి గోడ. పక్కకు తిరగాలన్నా నాయనను పిలవాలి. కట్టు లోపల దురద పుడితే గొడుగు ఊచ తప్ప దిక్కు లేదు.

గూడూరు రైల్వేలో పనిచేసే మామ చూడటానికి వచ్చి, మద్రాసులో కొన్న బ్యాటరీ రైలు ఒకటి చేతిలో పెట్టాడు.

“నేనేమన్నా పిల్లోడినా మామా?”

“అట్ట అనబాక. చేతులు బాగానే ఉండాయి గదా.”

మంచానికి అటొక స్టూలు, ఇటొక స్టూలు వేసి, నా తల కింద దిండ్లు ఎత్తుగా పెట్టి, పొట్ట మీదుగా పెద్ద చెక్క పరిచి, దాని మీద పట్టాలు బిగించి పోయాడు. రైలు గుండ్రంగా తిరిగేది. కాసేపటికే చూడలేకపోయాను. ఎక్కడికీ పోదు, కంటి ముందు నుంచి కదలదు. అది కాసేపు మరుగై మళ్లీ రావాలనిపించింది. దానికి కొండ కావాలి.

నాయన టైలరు. కత్తిరింపు గుడ్డలు సంచినిండా తెచ్చాడు. కోళ్లగూటి జాలీని పట్టాల మీదుగా వంచి, రైలు దూరే సొరంగానికి దారి వదిలి, లోపల పాత పేపర్లు కుక్కి, గుడ్డ పేలికలను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచి పైన పరిచాను. ఆరాక ఎర్రమట్టి రంగు పూశాను. రంపపు పొట్టుకు పచ్చరంగు పట్టించి పొదల్లా చల్లాను. మన ఉదయగిరి కొండే అని చెబితే అవ్వ దగ్గరికొచ్చి చూసింది.

“కొండ ఇట్టుంటదంట్రా? ఇది పుట్ట. ఆ పక్క నిట్టనిలువుగా ఉండాల.”

ఆ పక్క మళ్లీ కట్టాను. అప్పుడే సొరంగం ఇరుకైపోయింది, నేను గమనించలేదు.

ఆదివారం అందరూ చర్చికి పోయారు. కుక్కలు దూరకుండా బయట గడియ పెట్టారు. రైలు వదిలాను. సొరంగంలోకి పోయింది, రాలేదు. లోపల చక్రాలు గిర్రుమంటున్నాయి. స్విచ్చు ఇంజను పొట్ట కింద ఉంది. చెయ్యి పెడితే మణికట్టు దాటి పోలేదు. ఊచతో నెడితే ఇంకా లోపలికి పోయింది. లేచి అవతలి నుంచి తీద్దామంటే నడుము కదలదు. చెక్క నా మీదే ఉంది. నాయనా అని అరిచాను. చర్చి మైకులో పాట మొదలైంది.

లోపలి చక్రాల చప్పుడు సన్నబడి, సన్నబడి ఆగిపోయింది. అది ఆగాక ఏడుపొచ్చింది.

వాళ్లు వచ్చేసరికి కళ్లు తుడుచుకునే ఉన్నాను కానీ నాయన కనిపెట్టాడు.

“రైలు కోసం ఏడ్చినావా?”

ఆయన కొండ వెనక వైపు రంపం బ్లేడుతో చిన్న తలుపంత కోసి రైలును బయటకు తీశాడు. అవ్వ కొంగుతో దాని మీద పొడి తుడిచింది.

“వాణ్ణి వాకిట్లో పండబెట్టరా, ఊపిరాడతాది,” అంది నాయనతో.

మంచం ద్వారంలో పట్టలేదు. సాయంత్రం నాయన మంచం కోళ్లు ఊడదీసి, పక్కింటివాళ్లను పిలిచి నన్ను బయటకు మోయించాడు. దారిన పోయేవాళ్లు ఆగి పలకరించారు. పొద్దుగూకాక మళ్లీ లోపలికి మోశారు. అలా రోజూ మోశారు.

వానలు మొదలయ్యాక కట్టు విప్పారు. మోకాలు వంగలేదు, ఇప్పటికీ సరిగా వంగదు. స్కూలు ఉద్యోగానికి మళ్లీ అడగలేదు. అదే ముందు గదిలో, మంచం తీసేసిన చోట చాప పరిచి, పిల్లలకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టాను.