నురుగు నిలిచేదాకా

శుక్రవారం పొద్దున నేను బడికి బయలుదేరుతుంటే ఎల్లారెడ్డి నుంచి అమ్మ ఫోన్ చేసింది. "గిర్ని మామ పోయిండు బిడ్డా," అంది.   కామారెడ్డి బస్టాండులో బస్సెక్కి కూర్చున్నాక ఒకటే ఆలోచన. ఎల్లుండే ఆదివారం. ఆదివారం వస్తానని ఆయనకు మాటిచ్చి వచ్చాను. అంతకుముందు ఆదివారం ఆయన నాకేదో చెప్పబోయాడు. ఆ మాట పూర్తి కాలేదు.

ఆయన మాకు రక్తసంబంధం కాదు. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒక్క గోడ. ముందు గదిలో పిండి గిర్ని నడిపేవాడు. వరుస కలుపుకొని నేను మామ అనేదాన్ని, ఆయన నన్ను కోడలా అనేవాడు. మా వీధిలో జొన్నలూ గోధుమలూ పట్టించుకున్న వాళ్లందరికీ ఆయన గుర్తుండే ఉంటాడు, కనుబొమ్మల దాకా పిండితో. కానీ ఆయన ముఖం మీది ఇంకో తెలుపు నాకు బాగా తెలుసు. అది పొద్దుటి నురుగు.

మామ రోజూ గడ్డం గీసుకునేవాడు. "గడ్డముంటే పిండి అంటుతది. పొద్దుగూకేసరికి తాతనయిత," అనేవాడు. అత్త లోపలి నుంచి అందుకునేది: "ఇప్పుడేమన్న పిలగానివా? గీసేది జానెడు, నురుగేమో బకెట్టెడు!"

నురుగు పెట్టుకోవడం ఆయనకు రోజుకో తీరు. తొందరున్న రోజు తడి బ్రష్షు మొన మీద శనగగింజంత క్రీము పెట్టుకొని, నేరుగా చెంప మీదే తిప్పేవాడు. తీరిక ఉన్న రోజు బ్రష్షును వేడినీళ్లలో నానబెట్టి, విదిలించి, చెవి విరిగిన స్టీలు కప్పులో క్రీము వేసి అందులోనే నురుగు లేపేవాడు. ఇంకో పద్ధతి దుబాయిలో పనిచేసినప్పుడు అలవాటైంది. చెంపల మీదా చుబుకం మీదా వేలితో క్రీము చుక్కలు పెట్టి, వాటిని తడి బ్రష్షుతో కలపడం. వాళ్ల క్యాంపులో నల్లాల ముందు పెద్ద లైను ఉండేదట. "చుక్కలు వెట్టుకొనే లైన్ల నిలవడేటోళ్లం. అందరం పెండ్లికొడుకుల లెక్కనే. పెండ్లిపిల్లలే లేరు," అని నవ్వేవాడు.

మిరపకాయలు పట్టే ఎండాకాలంలో మాత్రం కప్పే. చెంపకు చిన్న గాటు పడినా ఆ రోజంతా గిర్నిలో కారం దుమ్ముతో చచ్చేంత మంట. అందుకని వెంట్రుక బాగా మెత్తబడేదాకా కత్తి ముట్టేవాడు కాదు. "గుద్దితే బుడగలొస్తయి కోడలా. తిప్పితేనే నురుగొస్తది," అనేవాడు.

నాకు చిన్నప్పుడు నత్తి. ముఖ్యంగా 'క' దగ్గర గొంతు పట్టేసేది. బడిలో పాఠం చదవమంటే మిగతా పిల్లలు నా మాటను వాళ్లే పూర్తి చేసేవాళ్లు. ఇంట్లోనూ అంతే. నేను 'కూ' అనగానే అమ్మ కూర వడ్డించేది. మా ఇంట్లో నాకంటే ముందు బడికి పోయినవాళ్లు లేరు. అమ్మ బీడీలు చుట్టేది, నాన్న కూలికి పోయేవాడు. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు నాన్న గిర్ని అరుగు మీద కూర్చొని మామతో అన్నాడు: "మాటనే రాదాయె బావా. బడికి వోయి ఏం జేస్తది? ఈ యేడుతోని బడి బంద్ జేపిస్త. అవ్వతోని బీడీలు చుట్టుకుంటది."

 మర్నాడు పొద్దున నేను నీళ్ల బిందెతో పోతుంటే మామ పిలిచాడు. కళ్లద్దాలు తీసి గూట్లో పెట్టాడు. ముఖం తడిగా ఉంది.

"కోడలా, అద్దాలు తీస్తే నాకు నా మీసమే కనవడది. పేపర్ల ఏమున్నదో జర చదువు."

పేపరు మొదటి మాటే కామారెడ్డి. నేను "కా... కా..." అంటూ ఆగిపోయాను.

లోపలి నుంచి అత్త, "పొద్దుగాలనే కాకులను విలుస్తున్నవా ఏందే? కామారెడ్డి అను!" అంది.

అప్పటికి మామ పెదవుల దాకా నురుగు పెట్టుకున్నాడు. నోరు తెరిస్తే సబ్బు లోపలికి పోతుంది. అందుకని బ్రష్షు పైకెత్తి అత్త వైపు ఆగమన్నట్టు ఊపాడు. ఒక నురుగు ముద్ద వెళ్లి తలుపు మీద పడింది. మళ్లీ బ్రష్షు చెంప మీద పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. నా వైపు చూడలేదు. తొందరపెట్టలేదు. సరసరమని ఆ చప్పుడొక్కటే. దాని వెంట నా ఊపిరి కూడా నెమ్మదించింది. "కామారెడ్డి," అన్నాను. ఆయన తలూపాడు, తర్వాతి మాట చదవమన్నట్టు.

అది మొదలు రోజూ చదివాను. నేను ఎక్కడ ఆగితే అక్కడ బ్రష్షు తిరుగుతూనే ఉండేది. నురుగు ఆరితే మొన తడిపి మళ్లీ లేపేవాడు. వార్త అయిపోయాకే కత్తి తీసేవాడు. గిర్ని ముందు గంపలతో ఆడవాళ్లు కూర్చొని గొణిగేవాళ్లు. "నీ గడ్డమయ్యేసరికి మా జొన్నలు మొలకెత్తుతయి," అని ఒకామె అంటే, బ్రష్షుతోనే ఆమెకు దండం పెట్టాడు.

ఆ ఎండాకాలం నాన్న మిరపకాయల డబ్బా పట్టుకొని గిర్నికి వచ్చాడు. నేను అరుగు మీద చదువుతున్నాను. ఆయన డబ్బా దించకుండా వార్త అయిపోయేదాకా నిలబడి విన్నాడు.  తర్వాత మామతో, "బడి బట్టలు కుట్టియ్యాలె గావచ్చు," అన్నాడు.

నత్తి పూర్తిగా పోలేదు. ఇప్పటికీ 'క' ముందు కొంచెం ఆగుతాను. కామారెడ్డిలో ఒక చిన్న బడిలో పాఠాలు చెబుతున్నాను. ఆగినప్పుడు నా వేళ్లు చాక్‌పీసును మెల్లగా తిప్పుతుంటాయి. పిల్లలు వేచి ఉంటారు.

ఈ వానాకాలంలో మామకు పక్షవాతం వచ్చింది. ఎడమవైపు చెంప జారింది, మాట పడిపోయింది. గిర్ని కొడుకు చూసుకుంటున్నాడు. నేను ఆదివారాలు ఎల్లారెడ్డి వెళ్లి ఆయన ముఖానికి నురుగు పెట్టేదాన్ని. కొడుకు గీసేవాడు. ఆ చెంపకు తడి తెలియదు కనుక చుక్కల పద్ధతి పనికిరాలేదు, క్రీము ఎక్కడ పడుతుందో ఆయనకు తెలిసేది కాదు. కప్పులో గట్టిగా నురుగు లేపి పెట్టేదాన్ని.

చివరి ఆదివారం నురుగు పెడుతుంటే కుడిచేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. "ని... ని..." అన్నాడు.

"నీళ్లా?" అంది అత్త.

"నిజామాబాదు దవాఖానకు వోదామా నాయినా?" అన్నాడు కొడుకు.

నేను బ్రష్షు పైకెత్తాను. ఇద్దరూ ఆగిపోయారు. మళ్లీ చెంప మీద పెట్టి తిప్పుతూ ఉన్నాను. ఆయన కళ్లు మూసుకొని ప్రయత్నించాడు. గొంతు కదిలింది. నురుగు ఆరింది. మొన తడిపి మళ్లీ లేపాను. అదీ ఆరింది. ఇంకోసారి లేపాను. చివరికి ఆయనే చిన్నగా తల అడ్డంగా ఊపి, చుబుకం పైకెత్తాడు. ఇక గీయమని.

"వచ్చే ఐతారం తీరిగ్గ చెప్పుదువు మామా. నేనేడికి వోత?" అన్నాను. సగం ముఖంతో నవ్వాడు.

పోయింది నేను కాదు, ఆయనే. ఆ రోజు ఇంకాసేపు కూర్చుంటే, ఇంకో కప్పు నురుగు లేపి ఉంటే ఆ మాట బయటికి వచ్చేదేమో. వచ్చేది కాదేమో. నా కోసం ఆయన ఏళ్ల తరబడి ఆగాడు. ఆయన కోసం ఆగడానికి నాకు కొన్ని ఆదివారాలే దొరికాయి.

దినాలన్నీ అయిపోయాక అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకొని అడిగింది. "ఆనాడు ఏం చెప్పవోయిండు బిడ్డా?"

"తెల్వలేదత్తా."

"నీకు తెలిసే ఉంటదనుకున్న," అంది. లేచి గూట్లోంచి బ్రష్షు తీసుకొచ్చింది. "ఆయన సామాను పారేస్తున్నరు. ఇది నేనే దాసిన. తీస్కపో."

నిన్న ఆదివారం. కామారెడ్డిలో నా గదిలోనే ఉన్నాను. బ్రష్షు వెంట్రుకలు గట్టిపడి ఉంటే, కడిగి దాచుకుందామని నల్లా కింద పెట్టాను. విదిలించి, అరచేతిలో మెల్లగా తిప్పాను. క్రీము ఏమీ వేయలేదు. వెంట్రుకల మొదట్లో ఎక్కడో మిగిలిన పాత క్రీము కరిగి, నా చేతిలో తెల్లగా నురుగు లేచింది. నల్లాను చుక్కలు పడేంత సన్నం చేశాను. నురుగు ఆరబోతుంటే మొన తడుపుకుంటూ, తిప్పుతూ అక్కడే నిలబడ్డాను.