మా వారు బస్సుకు అడ్డం నిలబడిన రోజు

అరవైల మొదట్లో, మాకు పెళ్లయిన ఏడాదే, టీచరుగా ఉన్న మా వారికి మైపాడు నుంచి తడకు బదిలీ అయింది. సామాను బాడుగ కారులో సర్ది, ఆయన సైకిలునీ, నాకు తొక్కడం నేర్పించి మరీ కొనిచ్చిన లేడీస్ సైకిలునీ కారు టాపు మీద కొబ్బరితాడుతో కట్టాం.

నాయుడుపేట దాటాక కారు గుంతలో పడి ఎగిరింది. తాడు తెగి నా సైకిలు నడిరోడ్డు మీద పడింది. వెనకే బస్సు వస్తోంది. కారు ఆగీ ఆగకముందే మా వారు దూకి, పరుగెత్తి, చేతులు చాచి బస్సుకు ఎదురుగా నిలబడ్డారు. నేను కళ్లు మూసుకున్నాను. బ్రేకులు కీచుమన్నాయి. కళ్లు తెరిస్తే బస్సు ఆయనకు జానెడు దూరంలో ఆగి ఉంది.

"ఏంది సామీ, సైకిలు కోసరం పానం తీసుకుంటావా?" బస్సు డ్రైవరు అరిచాడు.

"అది మా ఇంటామెది అన్నా," అన్నారాయన మెల్లగా.

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "సైకిలు పోతే ఇంకోటి కొనుక్కుంటాం. మీరు పోతే నేనేం చేసేది?" అని అంతమందిలో అరిచేశాను. బస్సులోవాళ్లంతా కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టి నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన మీద నేను గొంతెత్తడం అదే మొదలు. ఆయన మాత్రం, నేనేదో పొగిడినట్టు, వంకరపోయిన హ్యాండిల్ పట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన తన ప్రేమని మాటల్లో చెప్పింది లేదు. ఆ రోజు తర్వాత నేనూ అడగలేదు.