చూసిన టైము, చెప్పిన టైము

ఐదారేళ్ల కిందటి అక్టోబరు. వాయుగుండం తీరం దాటి మూడు రోజులైనా పార్వతీపురం వైపు కొండల మీద వాన ఆగలేదు. అప్పటికి అదంతా విజయనగరం జిల్లాయే. ఒక దినపత్రికకు అక్కడ రిపోర్టరుగా నా ఉద్యోగం చివరి అంకంలో ఉంది. వరద కంట్రోల్ రూమ్‌లో, కిటికీ పక్క బల్ల దగ్గర, సహాయానికి వచ్చిన సైనిక హెలికాప్టర్లకు వాతావరణ సమాచారం పంపే సార్జెంటు కూర్చునేవాడు. పేరు అప్పారావు. నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుడి కొడుకు.

పైలట్ తొడకు ఒక ట్యాబ్‌లెట్ కట్టుకుంటాడు. రాడార్ తీసిన మబ్బుల బొమ్మ అందులో రంగుల్లో కనిపిస్తుంది. అప్పారావు అదే బొమ్మను తన లాప్‌టాప్‌లో నాకు చూపించాడు.

“ఈ మూల టైము సూడండి సార్. ఇది పది నిమిషాల కిందటి బొమ్మ. పైలట్ ముందు టైము సూస్తాడు, తరవాతే రంగులు సూస్తాడు.”

“కొండల వెనకంతా ఖాళీగా ఉందే? అక్కడ వాన లేదా?”

“నేదని కాదు సార్, మాకు అగుపడదని. రాడార్ సముద్రం ఒడ్డునున్నాది. కొండ అడ్డొస్తే దానికీ మనకిలాగే ఏటీ కనపడదు. అక్కడ మనిషి కన్ను కావాలి.”

ఆ కళ్లు నా దగ్గరున్నాయి. ప్రతి మండలంలోనూ మా పత్రికకు ఒక కంట్రిబ్యూటర్ ఉండేవాడు, అంటే జీతం లేకుండా వార్తలు పంపే స్థానికుడు. నేను వాళ్లకు ఫోన్ చేసి అడుగుతాను, మీరు పైలట్‌కు పంపండి అన్నాను. అప్పారావు పై అధికారిని అడిగి ఒప్పుకున్నాడు. నేను చెప్పిన ముక్కను ఒక్క లైనుగా టైపు చేసేవాడు. నిమిషంలో అది కాక్‌పిట్‌లో ఉండేది. ఆ పొద్దున్నే రెండు ఊళ్లలో హెలికాప్టర్లు ఆ లైన్లను నమ్ముకునే దిగాయి. నా వార్త అచ్చుకాక ముందే ఆకాశంలో ఒకడు చదువుతున్నాడని పొంగిపోయాను.

మూడో ప్రయాణం తాడిగూడకు. కొండ మీది సవర గూడెం అది. సుక్కి అనే అమ్మాయి రెండు రోజులుగా పురిటి నొప్పులు పడుతోంది. డోలీలో దించుదామంటే కింద గెడ్డ, అంటే కొండవాగు, పొంగి దారి మూసుకుపోయింది. మా కంట్రిబ్యూటర్ పోలినాయుడు గెడ్డ పొంగక ముందు వార్త కోసం పైకెళ్లి అక్కడే చిక్కుకున్నాడు.

అతని ఫోన్ వచ్చింది.

“బాబూ, పైన ఏటీ అగుపడతనేదు. మబ్బు కొండ మీదే కూకుండిపోనాది. పక్కింటి కప్పు కూడా కనపడనేదు.”

గరగరమని లైను తెగిపోయింది. నేను అప్పారావు వైపు తిరిగి, “ఇప్పుడే అందింది. తాడిగూడ మీద మబ్బు, ఏమీ కనపడటం లేదు” అన్నాను.

“టైమేటి సార్?”

గోడ గడియారం చూశాను. “పదకొండు పది.”

అతను అదే కొట్టాడు. హెలికాప్టర్ అప్పటికి కొండకు ఇవతలి వైపుంది. అక్కణ్ణుంచి గూడెం కనపడదు. అవతల మబ్బు ఉందని చెప్పాక కొండ చుట్టి వెళ్లడమంటే గోడను గుద్దుకోవడమే. పైలట్ వెనక్కి తిప్పి, డాబాల మీద జనం ఎదురుచూస్తున్న మరో ఊరికి వెళ్లాడు.

ఒంటిగంట దాటాక పోలినాయుడు మళ్లీ చేశాడు. రొప్పుతున్నాడు.

“ఏటి బాబూ, అలా ఎల్లిపోనాది? గూడెపోళ్లు సప్పుడు ఇన్నారు. పొగేసినారు, సీరలు ఊపినారు. పైన పెళపెళా ఎండ కాసిందంట!”

“మబ్బుందని నువ్వే కదయ్యా చెప్పావు!”

“అది నాను బయల్దేరినప్పటి మాట బాబూ. గూడెంలో టవరెక్కడిది? ఈ రాయికాడికి దిగొస్తేనే ఫోన్ పలుకుతాది. ముప్పావుగంట నడక. ఇందాక నీతో మాటాడి పైకెల్లి, ఇప్పుడు మళ్లీ దిగొచ్చినాను. ఇక్కడ సెట్ల కింద నాకు కొండెలా కనపడతాది? ఎప్పుడు సూసినావురా అని నువ్వడిగినావేటి?”

అడగలేదు. ఇన్నేళ్లలో ఏ కంట్రిబ్యూటర్‌నూ అడగలేదు. మా పనిలో ఫోన్ మోగినప్పుడే వార్త పుడుతుంది.

పోలినాయుడి మాట చెప్పగానే అప్పారావు ముఖం తెల్లబోయింది. కొత్త లైను కొట్టాడు. హెలికాప్టర్ ఇంధనం నింపుకుని రెండున్నరకు తాడిగూడలో దిగింది. అప్పటికి సుక్కి లేదు. కడుపులోని బిడ్డా లేదు. మందుల పెట్టె దించి హెలికాప్టర్ వెళ్లిపోయింది.

సాయంత్రం అప్పారావు తన కాగితం మీద రెండు గళ్లు గీశాడు. ఒకటి చూసిన టైము, రెండోది చెప్పిన టైము.

“ముందే ఎందుకు గీయలేదు?” అని అడిగాను. నేరం కొంచెం అటు తోసేద్దామని కాబోలు.

“మా వాళ్లు సూసిన కాడ నిలబడే సెప్తారు సార్. మాకు రెండూ ఒకటే.”

అతను పంపిన రాడార్ బొమ్మకు టైముంది. నేను పంపిన మాటకూ టైముంది, కాని అది నా గడియారానిది. పైలట్‌కు పనికొచ్చేది కొత్తగా చేరిన కబురు కాదు, ఆ కబురు వయసు. ఇది ఆ పొద్దున్నే విని నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా.

ఆ రాత్రి నేను పంపిన వార్తలో “ప్రతికూల వాతావరణం కారణంగా హెలికాప్టర్ దిగలేకపోయింది” అని ఉంది. అన్నీ తెలిసే రాశాను. తేలిగ్గా దొరికే వాక్యం అది, ఎవరూ ప్రశ్నించరు. డెస్కు కూడా ఒక్క అక్షరం దిద్దలేదు.

గెడ్డలో వరద తగ్గాక తాడిగూడ వెళ్లాను. సుక్కి మామ ఎండయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పోలినాయుడు అతనికి నా వార్త చదివి వినిపించాడట.

“నువ్వేనా రాసినోడివి?”

“నేనే.”

“మబ్బున్నాదని రాసినావంట. ఆయేళ ఎండ కాసింది బాబూ. సప్పుడు ఇని బయటికి తెచ్చిన నా కోడలికి ఎండ కొడతన్నాదని నానే గొడుగు పట్టినాను. సచ్చిపోయిన పిల్లని నువ్వేటి తేలేవు. ఆ ఎండ మాట రాయి.”

రాస్తానన్నాను. ఆఫీసులో సవరణ వేయమని అడిగే ధైర్యం చేయలేదు. రిటైరయ్యేదాకా చేయలేదు.

ఇప్పుడు రాస్తున్నాను. ఆ రోజు పదకొండు దాటాక తాడిగూడ కొండ మీద మబ్బు లేదు. ఎండ కాసింది. చూసినవాడు ఎండయ్య.