మా కబడ్డీ జట్టుకు నేను చేసిన డోపింగ్

కుర్రతనంలో అందరూ ఏదో ఒకటి ముంచుతారండి. ఒకడు సైకిలు కాలవలో ముంచుతాడు, ఇంకొకడు పరీక్ష ముంచుకుంటాడు. నేను ఏకంగా ఫైనల్‌కు చేరిన కబడ్డీ జట్టును ముంచాను. అదీ పాలిటెక్నిక్ పుస్తకంలోని ఒకే ఒక్క పాఠంతో. నిజం చెప్పాలంటే సగం పాఠంతో. మిగతా సగం ఆ రోజే చదివుంటే ఇవాళ మీకు నవ్వుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

రెండువేల మూడో, నాలుగో. ఏలూరులో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా రెండో ఏడు చదువుతున్నాను. మాది కొల్లేరు పక్క ఊరు. మా మేనత్త కొడుకు నాగేసు బావ పగలంతా చేపల చెరువుల మీద మేత బస్తాలు మోసేవాడు. సాయంత్రమైతే మా ఊరి కబడ్డీ జట్టుకు కెప్టెన్. మడమ పట్టాడంటే ఉడుంపట్టే. జిల్లా జట్టులో ఆడాలని ఒకటే పిచ్చి. మూడుసార్లు సెలక్షన్‌కు వెళ్ళాడు, మూడుసార్లూ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు.

ఆ ఏడాది గుండుగొలనులో టోర్నమెంటు పెడితే మా జట్టు ఫైనల్‌కు వచ్చింది. ఎదురు జట్టు ఆ ఊరివాళ్ళే. ఫైనల్ చూడటానికి జిల్లా కోచ్ గారు వస్తున్నారని కబురు.

"వచ్చే ఏటికి నాకు వయసు దాటిపోద్దిరా," అన్నాడు బావ. "పై ఆదివారం ఆయన కంట్లో పడితే పడ్డట్టు. లేదా ఇక బస్తాలే."

నాకు గుండె తరుక్కుపోయింది. సరిగ్గా ఆ వారమే క్లాసులో డోపింగ్ పాఠం చెప్పారు. స్వచ్ఛమైన సిలికాన్‌లో అణువులన్నీ నాలుగేసి చేతులున్న మనుషుల్లా పక్కవాటిని గట్టిగా పట్టుకుని కూర్చుంటాయట. కదలవు, మెదలవు, కరెంటు పారదు. అందులోకి అయిదు చేతులున్న ఫాస్ఫరస్ అణువును చొప్పిస్తే నాలుగు చేతులు పక్కవాళ్ళు పట్టుకుంటారు, అయిదోది ఖాళీ. ఎవరూ పట్టుకోని ఆ చెయ్యే ఎలక్ట్రాన్, అది స్వేచ్ఛగా పరుగులు పెడుతుంది. నేను బెంచీ మీద ఎగిరి గంతేసినంత పని చేశాను. చేతులు పట్టుకుని గొలుసు కట్టి కదలకుండా నిలబడేది ఎవరండీ? మా కబడ్డీ జట్టు కాదూ! పట్టు పట్టడంలో మావాళ్ళు పులులు. కూతకు వెళ్ళమంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

బస్సు దిగి నేరుగా బావ దగ్గరికి పరుగెత్తాను. "బావా! మన జట్టుకు డోపింగ్ చేద్దాం!"

బావ చేతిలో బస్తా కిందపడింది. "నీకేమైనా మతిపోయిందేంట్రా? రోజూ పేపర్లో చదవట్లేదా? దొరికితే మెడల్స్ లాక్కుంటారంట. నా ఆఖరి ఛాన్సురా!"

"అది వేరు బావా. ఆటల్లో డోపింగంటే ఒంట్లోకి మందు ఎక్కించడం, పక్కా మోసం. మా పుస్తకంలో డోపింగంటే సిలికాన్‌లోకి బయటి పదార్థం ఒక్క పిసరు కలపడం. అది కలపకపోతే నీ రేడియో కూడా మోగదు."

"అంటే మేం కలిపితే దొంగతనం, మీరు కలిపితే సైన్సా?"

"అంతే!"

కమిటీ రూలు ప్రకారం ఫైనల్‌కు జట్టుకొక బయటి ఆటగాణ్ణి దింపవచ్చు. ఆటకు ముందు పేరు రాయిస్తే చాలు. నేను తాడేపల్లిగూడెం వెళ్ళి సత్తిబాబును పట్టుకొచ్చాను. ఉల్లిపాయల మార్కెట్లో మూటలెత్తే మనిషి. కూతకు వెళ్ళాడంటే గాలికి కూడా దొరకడు. వారం ముందే వచ్చి మా ఇంట్లో దిగాడు. మా జట్టులో ఏడోవాడికి దణ్ణం పెట్టి, "మీరు నిశ్చింతగా అత్తారింటికి వెళ్ళిరండి," అని ముదినేపల్లి బస్సెక్కించేశాను.

ఇక అసలు ఘనకార్యం వినండి. జట్టునంతా కూర్చోబెట్టి శాసనం చేశాను. "సత్తిబాబు గారు మన స్వేచ్ఛా ఎలక్ట్రాన్. ఆయన చెయ్యి ఎవరూ పట్టుకోకూడదు. గొలుసులో కలపకూడదు. చనువు అసలే వద్దు. పట్టుకున్నారో, ఎలక్ట్రాన్ కదలదు!"

మాది గోదావరి జిల్లా అయ్యె. మర్యాద చెయ్యమంటే మావాళ్ళకు పండగే. ఆ పూట నుంచి సత్తిబాబుకు విడిగా కుర్చీ, విడిగా మజ్జిగ గ్లాసు. ప్రాక్టీసయ్యాక మావాళ్ళు ఒకణ్ణొకడు కాలవలోకి తోసుకునేవారు. సత్తిబాబు ఉత్సాహంగా దూకితే మాత్రం అందరూ గబగబా గట్టెక్కి, "తువ్వాలు కావాలాండీ?" అని వరసగా నిలబడేవారు.

"నేనూ గొలుసులో చెయ్యి కలుపుతానండీ," అనేవాడు పాపం.

"అబ్బెబ్బే! మీరు హాయిగా కూర్చోండి," అనేవాణ్ణి నేను.

ఆదివారం వచ్చింది. గుండుగొలనులో జనం ఇసకేస్తే రాలడం లేదు. ముందు వరసలో కుర్చీలో కోచ్ గారు. అంతలో చల్లటి వార్త. ఎదురు జట్టులో ఒకడి కాలు బెణికింది, వాళ్ళు ఆరుగురే! నేను బావను వాటేసుకుని గిరగిరా తిప్పేశాను.

సత్తిబాబును విడి కుర్చీలో కూర్చోబెట్టి పేర్లు రాయించడానికి వెళ్ళబోతున్నాను. ఎదురు జట్టు వైపు నుంచి కేక వినబడింది.

"ఒరేయ్ ఉల్లిపాయలూ! అక్కడ పెళ్ళికొడుకులా కూర్చున్నావేంట్రా? మాకొకడు తగ్గాడు, వచ్చి చెయ్యెయ్యి!"

వాళ్ళ కెప్టెన్, మార్కెట్లో సత్తిబాబును ఎరిగినవాడే. సత్తిబాబు మొహం వెలిగిపోయింది. ఒక్క అంగలో గీత దాటి వాళ్ళ గొలుసులో చెయ్యి కలిపేశాడు. పేరు ఇంకా రాయించలేదు కాబట్టి రూలూ అడ్డు రాలేదు. నేను లబోదిబోమంటూ పరుగెత్తాను.

"సత్తిబాబు గారూ, ఏంటండీ ఈ అన్యాయం? మీకేం లోటు చేశామండీ?"

"లోటు కాదండీ బాబూ!" అన్నాడు సత్తిబాబు, కళ్ళనీళ్ళ పర్యంతమై. "వారం రోజులయిందండీ, నన్ను ఒరేయ్ అన్నవాడు ఒక్కడు లేడు. మీ ఊళ్ళో నేను ఆటగాణ్ణో, చుట్టపుచూపుగా వచ్చిన మావగారినో నాకే తెలీలేదు. ఏవనుకోకండే!"

అప్పుడు గుర్తొచ్చిందండి, నేను చదవని రెండో సగం. అదనంగా ఎలక్ట్రాన్ ఉన్న ముక్క పక్కన, ఎలక్ట్రాన్ లోటున్న ముక్కను ఆనిస్తే, సరిహద్దులో ఉన్న ఎలక్ట్రాన్ గీత దాటి వెళ్ళి అవతలి ఖాళీలో పడుతుంది. పుస్తకంలో ఎలా రాశారో అచ్చం అలాగే జరిగింది. నా ప్రయోగాలన్నిటిలో సరైన ఫలితం ఇచ్చింది ఇదొక్కటే!

"ఇప్పుడు మనం ఆరుగురం," అన్నాడు బావ. "ఏడోవాణ్ణి బస్సెక్కించేశావు. నువ్వే దిగు."

నేనా! కబడ్డీ అని రాయడమే తప్ప ఆడి ఎరగను. లుంగీ ఎగ్గట్టి గొలుసు చివర నిలబడ్డాను. సత్తిబాబు మొదటి కూతకే సరాసరి నా దగ్గరికొచ్చి, కూత ఆపకుండానే ఎంతో మర్యాదగా భుజం తట్టి వెళ్ళిపోయాడు. నేను అవుట్. మళ్ళీ లోపలికి వచ్చినప్పుడల్లా అదే మర్యాద, అదే భుజం.

చివరి నిమిషానికి మేం పదకొండు పాయింట్లు వెనకబడ్డాం. బరిలో మావైపు మిగిలింది బావ ఒక్కడే. సత్తిబాబు కూతకు వచ్చాడు. బావ కదల్లేదు. సత్తిబాబు కుడికి ఊగాడు, ఎడమకు ఊగాడు, కాలు చాచాడు. అంతే! బావ నేల మీద పడుకుని ఆ మడమ పట్టేశాడు. సత్తిబాబు ఈడ్చుకుంటూ గీత వైపు వెళ్తున్నాడు. ఒక జానెడు, ఇంకో జానెడు. నేను బరి బయట గొంతు చించుకుంటున్నాను. గీతకు బెత్తెడు దూరంలో కూత ఆగిపోయింది!

జనం ఈలలతో పందిరి ఎగిరిపోయింది. మేం ఓడిపోయామన్న సంగతి ఎవరికీ పట్టలేదు. కోచ్ గారు కుర్చీలోంచి లేచి తిన్నగా బావ దగ్గరికొచ్చారు.

"ఇతన్ని ఒంటరిగా ఆపినవాణ్ణి ఇంతవరకూ చూళ్ళేదయ్యా. ఎల్లుండి ఏలూరు వచ్చెయ్. జిల్లా జట్టులో నువ్వున్నావు."

బావ మట్టిలోనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే, నోరు ఊరుకోదు కదండీ, "చూశావా బావా! సత్తిబాబు అటు వెళ్ళకపోతే నువ్వు ఎవరి మడమ పట్టేవాడివి? నా డోపింగ్ పనిచేసింది!" అన్నాను.

బావ కళ్ళు తుడుచుకుని లేచాడు. జట్టంతా చుట్టూ చేరింది, సత్తిబాబుతో సహా.

"ఒప్పుకున్నావు కదా, డోపింగ్ చేశానని?"

"చేశాను!"

"సైన్సులో అయితే దండేసేవాళ్ళేమో. ఇది ఆట. ఆటలో డోపింగ్ చేసినోడికి రెండేళ్ళు నిషేధం. ఒరేయ్, వీణ్ణి బరి బయటికి మోసుకెళ్ళండ్రా!"

నా కాళ్ళూ చేతులూ నలుగురు పట్టుకున్నారు. పట్టుకున్నవాళ్ళలో మొదటివాడు సత్తిబాబే.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, కొల్లేటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. సిలికాన్‌లో తప్ప ఇంకెక్కడా నేను డోపింగ్ చెయ్యను. తప్పనిసరై చెయ్యాల్సి వస్తే ముందు పాఠం పూర్తిగా చదువుతాను. ఆ కలిపే అణువును గారూ అండీ అనకుండా, మొదటి రోజే ఒరేయ్ అని పిలుస్తాను.