తారు ఆరని సిలువలు

మా సంఘంలో సమాధి కట్టకూడదు. ఇటుక, సిమెంటు, పాలరాయి ఏదీ పనికిరాదు. పూర్వం మిషను దొరలు పెట్టిపోయిన నియమం అది. చచ్చాక కూలివాడూ ఉద్యోగస్తుడూ ఒకటేనని చెప్పడానికి పెట్టారట. మట్టి దిబ్బ, దాని తలవైపు తెల్లరంగు వేసిన ఒక కర్ర సిలువ, దాని మీద నల్లగా పేరు. చీపురుపల్లికీ పొందూరుకీ మధ్య మా ఊరి మెట్ట మీద, జీడితోటల నడుమ, మా సమాధుల తోట అలాగే ఉండేది. పై ఊళ్ల చుట్టాలు చూసి, మీ ఊళ్లో చచ్చినా సుఖం లేదే, ఓ అరుగైనా కట్టుకోరా అని వెక్కిరించేవారు. మావాళ్లు ఆ వెక్కిరింతకి గర్వపడేవారు. గర్వపడ్డానికి మాకు వేరే ఏముంది గనక.

కర్రకి చెద పడుతుంది. అందుకని ఏటా శ్రమల వారంలో, అంటే ఈస్టరుకి ముందు వారం, ఊళ్లో మగవాళ్లు సిలువలన్నీ పీకి గుడి వరండాలోకి తెచ్చేవారు. చర్చిని మేం గుడి అనే అంటాం. పుచ్చిపోయినవి మార్చి, మట్టిలోకి దిగే భాగానికి తారు పూసి, పైన రంగు వేసి, పేర్లు మళ్లీ రాసి, శనివారం సాయంత్రానికి ఎక్కడివక్కడ పాతేసేవారు. ఎవరి దిబ్బ ఏదో ఎవరూ రాసి పెట్టుకోలేదు. ఇంటివాళ్లకి కాళ్లే దారి చూపించేవి. ఆదివారం తెల్లవారకముందే ఆ సిలువల మధ్య నిలబడి పాటలు పాడుకునేవాళ్లం.

తారు పని మా నాన్నది. కొత్తవలసలో రైల్వే గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరై వచ్చిన మనిషి. చెక్కకి తారు పట్టించడం తనకి తప్ప ఈ జిల్లాలో ఎవరికీ రాదని ఆయన నమ్మకం. ఆ వారమంతా ఇల్లు ఇల్లంతా తారు కంపు కొట్టేది. అమ్మ ముక్కు మూసుకుని, ఈ మనిషిని రైలు పట్టాల మీదే వదిలేసి రావలసిందని సణుక్కునేది. తరవాత ఒక వానాకాలం అమ్మ పోయింది. ఆ ఏడాది నుంచి ఆమె సిలువకి కూడా ఆయనే తారు పూశాడు. అందరి సిలువలకీ ఒక పూత, అమ్మ సిలువకి రెండు. ఇదేం పక్షపాతం నాన్నా అంటే, మీ అమ్మకి తారు వాసనంటే ఇష్టం అన్నాడు. మా నాన్న సరసం అలా ఉండేది, మనిషి పోయాక కూడా.

అమ్మ దిబ్బ పక్కన కుడివైపు ఒక మనిషి పట్టేంత చోటు వదిలించాడు. సంఘ పెద్దలు దానికి ఒప్పుకున్నారు. ఆస్తి పంపకాల గురించి, నా పిల్లల చదువుల గురించి, దేని గురించీ మా నాన్న నాకు ఏదీ చెప్పలేదు. ఒక్క మాట మాత్రం ఏడాదికోసారి చెప్పేవాడు.

"నాను పోతే మీ అమ్మ పక్కన ఎట్టీండి. ఇంకేటీ అడగను."

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. శక్తి వనరుల పాఠం ఏటా వస్తుంది. బొగ్గు అయిపోతుంది, పొగ గాలిని పాడు చేస్తుంది, సూర్యుడు అయిపోడు అని పిల్లలకి చెబుతాను. ఇప్పటికీ అదే చెబుతాను, ఎందుకంటే అది నిజం. మా మెట్ట మీద సోలార్ ప్లాంటు పెడతారని తెలిసినప్పుడు ఊరందరికంటే నేనే ఎక్కువ సంతోషించాను. దేశం మొత్తం బొగ్గు నుంచి ఎండకి మారాలని ఢిల్లీలో నిర్ణయించారు, ఆ మార్పులో మనకీ ఒక చోటు దొరికింది అని గ్రామసభలో అధికారి చెప్పాడు. మర్యాదస్తుడు. ముసలివాళ్లకి కుర్చీలు వేయించి తను నిలబడి మాట్లాడాడు. జీడిచెట్లు తుపానుకి సగం పోయాయి, మిగిలినవి కాపు మానేశాయి, ఆ భూమిని పట్టుకుని వేలాడడానికి ఎవరికీ ఓపిక లేదు. అందరూ ఒప్పుకున్నారు. సమాధుల తోట గురించి ఎవరూ అడగలేదు. అడగాలని తోచలేదు. శ్మశానాన్ని ఎవరైనా కరెంటుకి ఇస్తారా?

సర్వే శ్రమల వారంలో వచ్చింది. మాకెవరికీ ముందుగా చెప్పలేదు, చెప్పాలన్న నియమం ఉందో లేదో నాకు తెలియదు. ఆ పూట మగవాళ్లంతా గుడి వరండాలో సిలువలు పేర్చుకుని కూర్చున్నారు. నాన్న తారు డబ్బా ముందు. నేను ఆయనకి మజ్జిగ తీసుకెళ్లాను. మెట్ట మీద ఏదో తుమ్మెద రొద వినిపించింది. చూస్తే డ్రోను. శ్రమల వారంలో పెళ్లి పెట్టుకున్న బుద్ధిలేని వాళ్లెవర్రా అని ఒక పెద్దాయన విసుక్కున్నాడు. ఈ మధ్య పెళ్లిళ్లలో తలంబ్రాలకంటే ముందు డ్రోనే వస్తోంది కదా. మిగతావాళ్లు నవ్వి మళ్లీ పనిలో పడ్డారు.

ఆ డ్రోను తీసిన బొమ్మలో మా సమాధుల తోట లేదు. వానలకి అణిగిపోయి గడ్డి పట్టిన దిబ్బలు పైనుంచి గతుకుల్లా కనిపించాయి. గయాలు అని రాసుకున్నారు. గయాలు అంటే ఎవరికీ చెందని, దేనికీ పనికిరాని నేల.

ఈ సంగతి ఈస్టరు వెళ్లి వారం తిరక్కముందే, హద్దు రాళ్లు పాతినప్పుడు బయటపడింది. ఒక రాయి అమ్మ దిబ్బకి అవతల పడింది, అంటే దిబ్బ ప్లాంటు హద్దు లోపలున్నట్టు. ఊరు ఊరంతా వెళ్లి మొరపెట్టుకుంటే ఆ అధికారే స్వయంగా వచ్చాడు. వచ్చి చూస్తే ఏముంది, తెల్లగా మెరిసిపోతున్న సిలువలు వరసగా నిలబడి ఉన్నాయి. ఆయన ఒకదాని మొదట్లో మట్టిని బూటుతో కదిపాడు. మట్టి గుల్లగా ఉంది. వంగి తాకితే చేతికి తారు అంటింది. ఆయన ముఖంలో మర్యాద కాస్త తగ్గడం నేను చూశాను.

"మేడం, డ్రోను ఫొటోలో ఇక్కడ ఒక్క సిలువ లేదు. ఇప్పుడు చూస్తే అన్నీ కొత్తవి, తారు కూడా ఆరలేదు. నష్టపరిహారం కోసం రాత్రికి రాత్రి గుడిసెలు వేసేవాళ్లని చూశాను గానీ, సమాధులు వేసేవాళ్లని ఇక్కడే చూస్తున్నాను."

మా నాన్న ముందుకొచ్చాడు. "ఏటా పీకి పాతుతాం బాబూ," అన్నాడు. నేను అంతా వివరంగా చెప్పాను. దొరల నియమం, చెద, శ్రమల వారం, తారు, అన్నీ. చెబుతుంటే నాకే అబద్ధంలా వినిపించింది. ఏడాది పొడుగునా నిలబడి ఉండే సిలువలు, సరిగ్గా సర్వే జరిగిన వారమే సెలవు పెట్టి వెళ్లాయంటే ఎవరు నమ్ముతారు? సంఘం రిజిస్టరు చూపించాం. అందులో ఎవరు ఎప్పుడు పోయారో ఉంది, ఎక్కడ పాతామో లేదు. తవ్వి చూపిస్తామని ఒక కుర్రవాడు ఆవేశపడితే పెద్దలు వాడి నోరు మూయించారు. తమ నిజాయితీ నిరూపించుకోవడానికి తల్లి ఎముకలు బయటికి తీసే జాతి మాది కాదు. ఒకవేళ తీసినా, అవి కూడా కొత్తవేనంటారేమోనని నాకప్పుడు అనిపించింది.

ఆఫీసుల చుట్టూ తిరిగాం. ఎక్కడా ఎవరూ మమ్మల్ని కసురుకోలేదు. అందుకే నాకు ఒళ్లు మండేది. కసిరితే తిరిగి తిట్టుకునేవాళ్లం. అందరూ కుర్చీ చూపించి, టీ ఇచ్చి, దేశ అవసరం చెప్పి, హైవే పక్కన ప్రత్యామ్నాయ స్థలం ఇస్తున్నామని కాగితం చేతిలో పెట్టారు. సిలువలు మా పెద్దలే పీకి తెచ్చారు. ఆ తరవాత మెట్టని చదును చేసి గ్రావెల్ పోశారు. దాని మీద గాజు పలకలు బిగించి, చుట్టూ ఇనుప కంచె వేశారు. దూరంనుంచి చూస్తే మెట్ట మీద నీళ్లు నిలిచినట్టుండేది.

అమ్మ సిలువ ఒక్కటైనా పాతుకోనివ్వమని అక్కడి ఇంజనీరుని అడిగాను. కుర్రాడు, మంచివాడే. నీడ పడుతుంది మేడం అన్నాడు. ఒక పలక మూల మీద నీడ పడితే ఆ వరసంతా కరెంటు తగ్గిపోతుంది, మీరు సైన్స్ టీచరు గదా, మీకు నేను చెప్పాలా అన్నాడు. చెప్పక్కర్లేదు. శ్రేణి సంధానం పాఠం నేనే చెబుతాను. ఆ రోజు నా చదువు మీద నాకు కలిగినంత అసహ్యం మరెప్పుడూ కలగలేదు.

మా మావయ్య కొడుకు, నాకు వరసకి బావ, ఆ ప్లాంటు గేటు దగ్గర సెక్యూరిటీ పనిలో చేరాడు. నాన్న రోజూ సాయంత్రం నడుచుకుంటూ వెళ్లి గేటు బయట బల్ల మీద అతనితో కూర్చునేవాడు. లోపలికి వెళ్తానని అనలేదు. బావ వెళ్లమనీ అనలేదు. అతని ఉద్యోగం సంగతి ఇద్దరికీ తెలుసు. ఇంటికొచ్చాక నాన్న నా వంక చూసేవాడు, ఆ ఏడాదికోసారి మాట చెప్పబోయినట్టు. చెప్పేవాడు కాదు. నేను కూడా, ఏదో ఒకటి చేస్తాను నాన్నా అని నోరారా అనలేకపోయాను. నేనేం చేయగలనో ఆయనకి నాకంటే బాగా తెలుసు.

మరుసటి ఏడు, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, ఒక ఉదయం నాన్న కాఫీ తాగుతూ కుర్చీలోనే తల వాల్చేశాడు.

బావ నేరుగా ప్లాంటు మేనేజరు దగ్గరికి వెళ్లాడు. ఒక్క మనిషికి చోటు, సిలువ కూడా వద్దు, నేల మట్టంగా పూడ్చేస్తాం అని కాళ్లావేళ్లా పడ్డాడు. ఆ మేనేజరు కాదనలేదు. తన చేతుల్లో లేదని పై ఆఫీసుకి ఫోను చేశాడు. వాళ్లు ఇంకో పై ఆఫీసుని అడిగి రేపు చెబుతామన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మాకు పూజారి లేకపోయినా పై ఆఫీసు ఉంది. సరే, రేపటిదాకా ఆగుదాం అనుకున్నాం. చీపురుపల్లి నుంచి కరెంటుతో నడిచే ఐసు పెట్టె తెప్పించి నాన్నని అందులో పడుకోబెట్టాం.

మధ్యాహ్నం కాకుండానే కరెంటు పోయింది. లైన్‌మన్‌కి ఫోను చేస్తే, ఊళ్లో అందరూ ఏసీలు, కూలర్లు వేశారు, లోడు ఆగక ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది, రాత్రికి కూడా రావడం కష్టం అన్నాడు. టెంట్‌హౌస్ జనరేటరు పెళ్లికి వెళ్లింది. మా వరండాలో నిలబడితే ప్లాంటు కనిపిస్తుంది. నడినెత్తి ఎండలో పలకలన్నీ తళతళలాడుతున్నాయి. అక్కడ పుట్టిన కరెంటు పెద్ద టవర్ల మీదుగా మా నెత్తి మీంచే పోతోంది. అది పెద్ద లైను, దాంట్లోంచి ఊళ్లోకి తీగ దించడానికి కుదరదు. అదీ నాకు తెలుసు. అందులో ఎవరి తప్పూ లేదు. నేను మాత్రం గుప్పెట బిగించి ఆ తీగలకేసి చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రానికి పెట్టె అద్దం లోపల చెమ్మ పట్టింది. పాస్టరుగారు నా భుజం మీద చెయ్యి వేసి, ఇంక ఆగకూడదమ్మా అన్నారు. ఆగకూడదని నాకూ తెలిసిపోతోంది, వాసన బట్టి. హైవే పక్కన వాళ్లిచ్చిన ఆ పల్లంలో, వానొస్తే నీళ్లు నిలిచే నేలలో, నాన్నని భూస్థాపన చేశాం. ఆ స్థలంలో మొదటి మనిషి ఆయనే. చుట్టూ ఎవరూ లేరు. లారీలు హారను కొట్టుకుంటూ పోతుంటే పాస్టరుగారు ప్రార్థన గట్టిగా చదవలసి వచ్చింది.

మర్నాడు పొద్దున్న ఫోను వచ్చింది. మానవతా దృక్పథంతో అనుమతి ఇస్తున్నారట, సిలువ పెట్టకూడదన్న షరతు మీద.

కొందరు, నాన్నని తీసి మళ్లీ అక్కడ పెడదామన్నారు. ముందు చోటు చూసి వస్తానని నేను ఒక్కదాన్నే వెళ్లాను. బావ గేటు తీసి నాతో లోపలికి వచ్చాడు. ఎటు చూసినా ఒకే ఎత్తు స్తంభాలు, ఒకే వంపు పలకలు, ఒకే ఎర్ర గ్రావెల్. అమ్మ తలవైపు ఉండే జీడిచెట్టు లేదు, మెట్ట వాలు లేదు, కళ్లు మూసుకున్నా నడిపించే నా కాళ్లు ఏ వరస దగ్గరా ఆగలేదు. ఒక వరసలోకి వెళ్లి వెనక్కి వచ్చాను. ఇంకో వరసలోకి వెళ్లాను. ఎక్కడ తవ్వమని చెప్పను? తవ్వితే నాన్న పక్కన ఎవరుంటారు?

బావ చాలాసేపు నా వెనకే నడిచాడు. చివరికి ఒక చోట ఆగి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇక్కడే అనుకోవే. నాను రోజూ ఇక్కడే అనుకుంతన్నాను."

అనుకోవాలని చూశాను. నా వల్ల కాలేదు.