ప్రిన్సిపాల్ గదిలో నా ఫోను చదివిన ఉత్తరం

ఆ రోజులంటే మరీ పాతకాలమేమీ కాదు, అప్పటికే అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. కాకపోతే ఆ ఫోను పుస్తకం చదివి పెడుతుందంటే మాత్రం మా టాటానగర్ రైల్వే క్వార్టర్లలో ఎవరూ నమ్మేవారు కాదు. నాకు పుట్టుకతోనే చూపు తక్కువ. మనుషుల్ని పోల్చుకోగలను గాని, అచ్చక్షరాలు ముక్కుకి ఆనించుకున్నా చీమల బారులా కదిలిపోతాయి. అందుకని డిగ్రీ పాఠాలన్నీ మా చెల్లెలే చదివి వినిపించేది. దానికి ఓపిక తక్కువ, పెద్ద పేరా కనపడితే దాటేసేది. (ఫ్రెంచి విప్లవం నాకు నాలుగు వాక్యాల్లో అయిపోయింది. రాజుగారి తల ఎందుకు తీశారన్న అనుమానం పరీక్ష హాల్లో కూర్చున్నాక గాని రాలేదు.) "మొత్తం చదవవే" అని బతిమాలితే, "ఇత్నా హీ హై, దీదీ" అని, ఇంతే ఉందని హిందీలో తేల్చేసి పుస్తకం మూసేసేది.

రెండో సంవత్సరం పరీక్షలో నాకు ప్రశ్నలు చదివిపెట్టడానికి కాలేజీవాళ్ళు ఒకమ్మాయిని ఇచ్చారు. 'కారణాలు' అని ఉన్నచోట ఆ పిల్ల 'ఫలితాలు' అని చదివింది. నేను ఫలితాలు దంచి రాశాను. పేపరు పోయింది. దాంతో నాకు పంతం వచ్చింది. సాక్చి బజారులో ఒక పాత ఫోను కొనుక్కుని, అచ్చుకాగితాన్ని ఫొటో తీసి పైకి చదివే ఉచిత యాప్ ఒకటి అందులో వేయించుకున్నాను. ఫోను కదిలితే అది తప్పులు చదువుతుంది. అందుకని చెప్పుల డబ్బాకి పైన కన్నం పెట్టి, కింద పుస్తకం, పైన ఫోను పెట్టేదాన్ని. వ్యాగన్లు బాగుచేసే పనిలో ఉన్న మా నాన్న అది చూసి పెదవి విరిచారు. "ఏటమ్మా, ఈ అట్టపెట్టి ఎన్నాళ్ళుంటాది? నాను సేసిత్తానుండు" అన్నారు. ఆదివారం పర్సుడీహ్‌లో తెలిసినవాళ్ళ వెల్డింగు షాపులో కూర్చుని, నాలుగు కాళ్ళ ఇనప స్టాండు చేసుకొచ్చారు. దానిమీద ఫోనేమిటి, బొగ్గు బస్తా పెట్టినా ఆగుతుంది. "ఇంత బరువెందుకు నాన్నా?" అంటే, "కదల్కుండా ఉండాల గదమ్మా" అన్నారు.

చివరి సంవత్సరం పరీక్షల్లో ప్రశ్నపత్రం ఫోనుతోనే చదువుకుంటానని, జవాబులు లావుపాటి స్కెచ్‌పెన్నుతో నేనే రాసుకుంటానని ప్రిన్సిపాల్‌కి అర్జీ పెట్టాను. వచ్చి చూపించమన్నారు. నాన్న స్టాండుని భుజాన వేసుకున్నారు. ఇద్దరం ఆటోలో వెళ్ళాం. ప్రిన్సిపాల్ బల్లమీద ఆయన దాన్ని దింపగానే మంచినీళ్ళ గ్లాసులు మోగాయి. నేను చరిత్ర పుస్తకం తెరిచి పెట్టాను. ఫోను గడగడా చదివింది. పక్కనే ఉన్న, కాలేజీలో పరీక్షల వ్యవహారం చూసే సార్ మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డారు. "ఇదంతా ముందే రికార్డు చేసి తెచ్చుకుంది. ఎప్పుడూ చూడని కాగితం చదవమనండి" అన్నారు హిందీలో.

"మీ ఇష్టం సార్, ఏదైనా ఇవ్వండి" అన్నాను. (ఆ ధీమా ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు.)

పరీక్షల సార్ పక్కనున్న ఫైలులోంచి, చూడకుండానే, పైకాగితం లాగి స్టాండు కింద తోశారు. ఫోను ఒక్క క్షణం ఆలోచించి, రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంటు చేసే ఆవిడలా తీయటి గొంతుతో ఇంగ్లీషులో మొదలుపెట్టింది. మొదట నా పేరు, నా రోల్ నంబరు. తరవాత, సదరు విద్యార్థిని తెచ్చిన పరికరాన్ని పరిశీలించడమైనదనీ, అది అచ్చుకాగితాన్ని తప్పుల్లేకుండా చదవలేదని తేలినదనీ, కావున అర్జీ తిరస్కరించడమైనదనీ చదివింది. ఒక్క తప్పు లేదు. కింద ప్రిన్సిపాల్ సంతకం కోసం వదిలిన ఖాళీలో ఆగిపోయింది.

మేం గుమ్మం ఎక్కకముందే ఆ కాగితం టైపైపోయిందన్నమాట. ఇంగ్లీషు రాని మా నాన్న నా చెవి దగ్గరికి వంగారు.

"ఏటన్నాదమ్మా?"

"నన్ను వద్దన్నాది నాన్నా."

ఆయన స్టాండు మీద చెయ్యి వేశారు. "బాగా సదివిందా?"

"బాగా సదివింది."

"మరింకేటి" అని నాన్న నిటారుగా నిలబడ్డారు. ఆ మాటతో నాకూ ధైర్యం వచ్చింది. "సార్, ఈ ఉత్తరం నేను ఎప్పుడూ చూడలేదు కదా. ఇంకో కాగితం ఇవ్వమంటే ఇవ్వండి" అన్నాను. పరీక్షల సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ప్రిన్సిపాల్ ముందు దగ్గారు, తరవాత నవ్వాపుకోలేక గ్లాసెత్తి నీళ్ళు తాగారు. ఆ కాగితం తీసుకుని అడ్డంగా గీత కొట్టి, నా అర్జీ మీదే అనుమతి రాశారు. ఫోనులో సిమ్ ఉండకూడదు, విడిగా ఒక గదిలో రాయాలి, అంతే.

వచ్చిన పని అయ్యాక దణ్ణం పెట్టి బయటపడాలి కదా. నేను గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాను. "సార్, ఆ ఉత్తరం రెండో పేరాలో ఒక మాట ఫోను వింతగా పలికింది. స్పెల్లింగ్ తప్పుందేమో చూసుకోండి" అని చెప్పాను.

చూసుకున్నారు. తప్పుందట.

ఆ ఏడు అన్ని పేపర్లూ పాసయ్యాను. ఇప్పుడు టెల్కో కాలనీలో ఒక బడిలో చరిత్ర చెబుతున్నాను. పైవాళ్ళతో మాట్లాడే ముందు ఒక్కో వాక్యాన్ని మూడుసార్లు మనసులో దిద్దుకుంటాను, చివరికి సగం మింగేస్తాను. అప్పుడప్పుడు ఆ గుమ్మంలో వెనక్కి తిరిగిన పిల్ల గుర్తొస్తుంది. ఎంత పొగరే నీకు అని నవ్వుకుంటాను గాని, ఒక్క పూటకి ఆ నోరు నాకు అరువిస్తే బాగుండుననిపిస్తుంది.