పైనుంచి చూస్తే పచ్చగానే

అయ్యలారా, అమ్మలారా, మా మేనల్లుడు పోయాడు. చౌడేపల్లె దగ్గర ఒక టమోటా తోటలో ఫోటోలు తీస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడని ఫోన్ వచ్చేసరికి నేను పుంగనూరు భజన మందిరంలో ప్రసంగం చేస్తున్నాను. తెరిచిన పురాణం మూయడానికి నాకు చేతులు రాలేదు.

వాడు కుప్పంలో ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు. ఉపగ్రహం తీసిన చిత్రాల్లో ఏ చేలో ఏ పంట ఉందో గుర్తుపట్టి, ఆ చేనికే వెళ్లి నిజమో కాదో చూసి రావడం వాడి పని. చేని నడుమ నిలబడి నాలుగు దిక్కులకూ తిరిగి ఫోటోలు తీసేవాడు. కురబలకోటలో గొర్రెలు మేపే అవ్వ ఒకతె అది చూసి ఆత్మప్రదక్షిణం అనుకుంది. తానూ చెప్పులు విడిచి దండం పెట్టింది.

“యా దేవునికప్పా?”

“మా ప్రొఫెసరు దేవునికి అవ్వా. వరమిచ్చేది ఆయనే.”

ఆ వరం, అంటే వాడి ఉద్యోగం, ప్రాజెక్టు ఉన్నంతవరకే. పొడిగించిన ప్రతిసారీ అదే పోస్టుకు మళ్లీ ప్రకటన వేస్తారు. తన కుర్చీకి తానే దరఖాస్తు పెట్టి, తన గది బయటి బెంచీ మీద కొత్తవాళ్లతో పాటు ఇంటర్వ్యూకు కూర్చోవాలి. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. అటెండరు తలుపు తీసి, “లోపల కూసో సార్, ఫ్యాను ఉండాది” అన్నాడు.

“ఈ పొద్దు ఆ గది నాది కాదప్పా.”

పక్కన ఒక అమ్మాయి భయపడుతూ కూర్చుంది. తన పోస్టుకే వచ్చిన ఆ పిల్లకు చిత్రాల్లో రంగులు చదవడం ఓపిగ్గా నేర్పాడు.

తిరుగు బస్సులో నా రక్తం ఉడికింది. “యాల ఈ చెర? ఇడిసిపెట్టి రా!”

“యాడికి రావాల మామా? నేర్చుకునింది ఇదే. పర్మనెంటు పోస్టు పడేలోపల వయసు దాటిపోతాది. ఇడిస్తే ఉండేదీ పోతాది.”

మొసలి పట్టిన ఏనుగు కథ ఎన్ని వేదికల మీద గర్జించానో! దాన్ని నేను కళ్లారా చూసింది మాత్రం ఆ బస్సులో, నా పక్క సీట్లో.

ఇంకోసారి నిమ్మనపల్లెలో ధర పడిపోయి, కోయకుండా వదిలేసిన టమోటా చేను చూపించాడు. గొర్రెలు దిగి మేస్తున్నాయి. “ఉపగ్రహానికి ఇది మంచి పంట మామా. పైనుంచి సూస్తే పచ్చగానే ఉంటాది.”

“పైవాడు అన్నీ సూస్తాండాడురా!” అని గద్దించాను.

“సూస్తే సాలదు మామా. ఏనుగు కోసం ఆయనా దిగొచ్చినాడు కదా?”

ఇన్నేళ్ల ప్రసంగాల్లో ఆ మాట నాకు తట్టలేదు. ఇప్పుడు మా మేనల్లుడి మాటని చెప్పే చెబుతున్నాను.

ఈసారీ ప్రకటన పడింది. వయసును బట్టి వాడికి అదే ఆఖరి అవకాశం. ఇంటర్వ్యూలోపు చౌడేపల్లె చేలు ముగించాలని ఎండలో పరుగెత్తాడు. పోయి విడుదలయ్యాడని ఊరడించేవాళ్లారా, ఆ మాట నా ముందు అనకండి! వాడు కోరిన విడుదల, మళ్లీ మళ్లీ అడుక్కోనక్కర్లేని ఒక కుర్చీ.

కర్మ అయ్యాక వాడి సామాన్ల కోసం కుప్పం వెళ్లాను. ఆ రోజే ఇంటర్వ్యూ. బెంచీ నిండా పిల్లలు. అప్పుడు వాడు రంగులు చదవడం నేర్పిన అమ్మాయి లేచి వచ్చింది.

“సార్ కడాకు తీసిన ఫోటోలు సూసినా. చౌడేపల్లె తోటలో ఒక దిక్కు మిగిలిపోయింది. నేను పోయి తీసుకొస్తినప్పా.”

ఫోన్ చూపించింది. గుట్ట దాకా పచ్చని తోట. కింద మూలలో, రాలిన పండ్ల నడుమ, ఆ పిల్ల విడిచిన చెప్పులు.